నిరుడు చూసి రాసిన ఎండలు

నేను మనుషుల్ని అంత సులువుగా నమ్మను. మీటర్లని అసలే నమ్మను. నా గుణం అనండి, నా పని నేర్పిన బుద్ధి అనండి, రెండూ ఒకటే. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయి పెద్ద ఉక్కు ప్లాంటులో చేరేడు. నేను ఇనుము పోత పోసే ఒక చిన్న ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసేను. ఆ ఫౌండ్రీ ఇప్పుడు లేదు, పేరెందుకు. కొలిమి వేడి చూపించే మీటర్లు, గాలి ఒత్తిడి చూపించే గేజీలు, వాటితోనే నా సంసారం. మీటరు ఎంత చూపించినా సరే, "నిన్ను ఆఖరిసారి సరిచూసింది ఎవుడ్రా, ఎప్పుడ్రా?" అని ముందు అడగాలి. దాని మాట వినడం తరవాత.

"మా పెళ్ళిలో ఈ మనిషి మంగళసూత్రం కూడా తూకం ఏసి చూసేడమ్మా" అని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్తాది. అబద్ధం. తూకం వెయ్యలేదు. చేత్తో పట్టి చూసేనంతే.

అలాంటివాణ్ణి కదా, ఆ శుక్రవారం మా అమ్మాయి కాలేజీ హాల్లో ఒక పెద్దమనిషి వేదికెక్కి, "ఎండలు పెరిగిపోతున్నాయని లెక్కలు చెప్పేవాళ్ళని ఒక్క మాట అడగండి. ఆ థర్మామీటరు ఎక్కడ పెట్టేరు? ఎవరు చూసేరు?" అనేసరికి కుర్చీలో ముందుకి జరిగి కూచున్నాను.

ఆయన మన దేశం వాడు కాదు. చదువుకి సైంటిస్టు. అంతరిక్షంలో తిరిగే స్టేషన్‌లో నెలల తరబడి ఉండి వచ్చేడు. అక్కడ బరువన్నది లేని చోట లోహాన్ని కరిగించి, అదెలా గట్టిపడతాదో చూడ్డం ఆయన పని. ఉక్కు ఊరు కదా, అంచేత మూడు రోజుల సభకి కాలేజీ వాళ్ళు పిలిచేరు. ఆయన ఇంగ్లీషులో చెప్తే పక్కన ఒక లెక్చరరు హిందీలో చెప్పేడు. మా అమ్మాయి అదే కాలేజీలో జాగ్రఫీ చెప్తాది కాబట్టి నాకు రెండో వరసలో కుర్చీ దొరికింది.

ఎంత బాగా మాట్లాడేడండీ! కరిగిన లోహం అక్కడ గరిటె లేకుండా, గిన్నె లేకుండా, గుండ్రంగా గాల్లో నిలబడి ఉంటాదట. దాన్ని చూసేక భూమ్మీద ఊరికే కూచోడం తన వల్ల కాలేదన్నాడు. మనిషి చంద్రుడి మీద ఇల్లు కట్టాలి, ఇంకా ముందుకెళ్ళాలి, భయపడి ఇంట్లో కూచున్న జాతి ఎప్పుడూ బాగుపడలేదన్నాడు. ముప్ఫై ఏళ్ళు కరిగిన ఇనుము చూసినవాణ్ణి నేను. అది గాల్లో తేలడం ఊహించుకుంటే ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకాడాలి.

ఆ తరవాత వాతావరణం మాటెత్తేడు. వాతావరణం మనిషి పుట్టకముందు నుంచీ మారుతూనే ఉందట. అందులో మన పొగ వాటా ఎంతో, దానంతటది మారింది ఎంతో ఎవరికీ సరిగ్గా తెలీదట. కంప్యూటర్లు చెప్పే భయాల మీద పెట్టే తెలివితేటలు పైకెళ్ళడం మీద పెట్టమన్నాడు. హాలంతా చప్పట్లు. ఎందుకు కొట్టరు? ఆ హాల్లో ఫ్యాక్టరీ పొగ పెట్టిన అన్నం తినని వాడు ఒక్కడు లేడు. మా ఆవిడ ముప్ఫై ఏళ్ళు గాలి ఎటు వీస్తోందో చూసుకుని బట్టలు ఆరేసింది, ఎర్రదుమ్ము పడితే తిట్టుకుంటూ మళ్ళీ ఉతికింది, అయినా ఆ పొగని ఒక్కరోజు కాదనలేదు. మొన్న వేసవిలో రాయ్‌పూర్ నుంచి కొందరు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని వచ్చి, మేమందరం భూమిని చంపేస్తున్నామని అరిచి వెళ్ళేరు. వాళ్ళొచ్చిన కార్లు రెండు గంటలు ఇంజను ఆపకుండా చెట్టు కింద నిలబడ్డాయి, లోపల ఏసీ ఆగిపోతాదని. వాళ్ళనీ నేను నమ్మలేదు. ఈయన మాత్రం మన మనిషి అనిపించింది.

చప్పట్లు కొడుతూ పక్కకి చూస్తే మా అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

దాని సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా అది పీహెచ్‌డీ థీసిస్ రాస్తోంది. విషయం ఒక్కటే: మన భిలాయిలో ఎండ పెరిగిందా, పెరిగితే ఎంత. మరోదా, వైశాలి నగర్ పేటల్లో, ఇంకో రెండు చోట్ల థర్మామీటర్లు పెట్టి ఇప్పటి ఎండ కొలిచింది. మరి ఇప్పటిది తెలిస్తే చాలదు కదా, అప్పటిది కూడా కావాలి. ఆ అప్పటిది నా బుక్కు. సోమవారం థీసిస్ ఇచ్చీయాలి. ఆ మూడు రోజుల్లో మా ఇంట్లో తేలాల్సింది అదే.

ఇప్పుడు బుక్కు సంగతి.

మేం మరోదాలో అద్దింట్లో ఉండేవాళ్ళం. ఫౌండ్రీలో నమూనాలు చెక్కే వడ్రంగి ఒకడు నాకు గాలి ఆడే పలకల పెట్టె ఒకటి చేసిచ్చేడు. అందులో మంచి థర్మామీటరు పెట్టి పెరట్లో నిలబెట్టేను. థర్మామీటరుని మంచునీళ్ళలో ముంచి చూసేను, మరిగే నీళ్ళలో ముంచి చూసేను. దానికి వంక పెట్టడానికి లేదు. పొద్దున్న ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి చూసి గట్టి అట్ట రిజిస్టర్లో రాయడం మొదలెట్టేను. ఎందుకూ అంటే ఊరికే. పిచ్చి. కొందరు పేకాడతారు. రిటైరై, స్మృతి నగర్‌లో ఈ ఇల్లు కట్టుకుని వచ్చేదాకా రాసేను. ఇరవై ఆరేళ్ళు. మా అమ్మాయి ఆ రిజిస్టర్ల పక్కనే అక్షరాలు దిద్దుకుంది.

అందులో సగం అబద్ధం.

రాత్రి షిఫ్టు వారం తప్పిస్తే పొద్దున్న రీడింగులు చాలావరకు నిజమే. రెండింటివే కాదు. షిఫ్టు బతుకులు మావి. పొద్దున్న షిఫ్టయితే రెండింటికి ఫౌండ్రీలోనే ఉంటాను. మధ్యాహ్నం షిఫ్టయితే ఒంటిగంటకే సైకిలెక్కేస్తాను. రాత్రి షిఫ్టయితే ఆ వేళకి గుర్రు పెట్టి నిద్ర. సెలవు రోజు తప్పిస్తే రెండింటికి నేను ఆ పెట్టె దగ్గర ఎక్కడున్నాను? మరి ఆ గడి ఖాళీగా వదిలీవచ్చు కదా అంటారు. ఖాళీ గడి చూస్తే షిఫ్టు మనిషికి భయం. మా ఫౌండ్రీలో గంటగంటకీ రీడింగు చూసి లాగ్‌షీటు నింపాలి. ఎవుడు నింపుతాడండీ గంటగంటకీ? దిగిపోయే అరగంట ముందు టీ తాగుతూ, వెనక షిఫ్టు షీటు పక్కన పెట్టుకుని, ఎనిమిది గళ్ళూ ఒక్క ఊపున నింపీడమే. వాడు ఎనభై అని రాస్తే వీడు ఎనభై రెండు అంటాడు, చూసి రాసినట్టు ఉండకూడదని. ఒకసారి ఒక గేజీ పాడైందని ఊడదీసి నా బల్ల మీద పెట్టుకున్నాను. మూడు రోజులు అది నా బల్ల మీదే ఉంది. మూడు రోజులూ లాగ్‌షీటులో దాని రీడింగు గంటగంటకీ పడుతూనే ఉంది. ఆ ఆపరేటర్ని పట్టుకుని ఎంత ఏడిపించేనో! "నీ గేజీ నా బల్ల మీద పడుకుంది, నువ్వు దాని కలల్లోకెళ్ళి చూసొచ్చేవా బావా?" అని.

ఆ నోటితోనే, అదే పని ఇంట్లో చేసేను. నిరుటి రిజిస్టరు తెరిచి, అదే తారీకు చూసి, అర డిగ్రీ అటో ఇటో చేసి రాసీసేవాణ్ణి. ఆ మరుసటేడు మళ్ళీ దాన్ని చూసి. మా ఆవిడ అప్పట్లోనే అంది, "నేను ఇంట్లోనే ఉంతాను కదండీ, రెండింటికి నేను చూసి రాత్తాను" అని. "నీ కళ్ళని నేను నమ్మను" అన్నాను. ఆవిడ కళ్ళు ఈ రోజుకీ సూదిలో దారం ఎక్కిస్తాయి. ఆవిణ్ణి నమ్మలేదు గానీ నిరుటి అబద్ధాన్ని నమ్మేను. చూసేరా నా అనుమానం తెలివి!

మా అమ్మాయి ఆ రిజిస్టర్లు అడిగినప్పుడు, "పాత పుస్తకాలే తల్లీ, ఎందుకూ పనికిరావు" అన్నాను. అది నా వినయం అనుకుని ముచ్చటపడి పట్టుకుపోయింది. ఎలాగూ ఎవరు చదువుతారులే అనుకున్నాను నేను.

శనివారం మధ్యాహ్నం ఆ పెద్దమనిషితో టీ ఏర్పాటు చేసేరు. మా అమ్మాయి థీసిస్ గైడు నన్నూ రమ్మన్నాడు, రిజిస్టర్లు పట్టుకుని. శుక్రవారం ఆయన థర్మామీటర్ల మాట అన్నప్పటి నుంచీ నాకు గుమ్మడికాయల దొంగ సామెతే గుర్తొస్తోంది. ఈయన అనుమానపు మనిషి, పేజీ తిప్పగానే పట్టుకుంటాడు, నా పని అయిపోయింది అనుకున్నాను. భయంగానూ ఉంది, నిజం చెప్పొద్దూ, కాస్త హాయిగానూ ఉంది. నేను చెప్పక్కర్లేదు, ఆయనే చెప్పీస్తాడు కదా అని.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నాలుగు రిజిస్టర్లు తిరగేసేడు. మొదటేడు మే నెల, చివరేడు మే నెల పక్కపక్కన పెట్టేడు. ఎండ ఉన్నచోటే ఉంది. ఉండదేటి మరి, అదే ఎండ కదా! ఆయన ముఖం వెలిగిపోయింది. లేచి నాకు చెయ్యిచ్చేడు. "ఇన్నేళ్ళుగా ఇలాంటి బుక్కు కోసమే చూస్తున్నాను. ఎవరి గ్రాంటూ లేని, ఏ పక్షమూ లేని ఒక కార్మికుడు, ఉక్కు ఫ్యాక్టరీ నీడలో కూచుని కొలిచేడు. ఎండ పెరగలేదు" అన్నాడు. ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకున్నాడు. ఆదివారం ఆఖరి ఉపన్యాసంలో వీటిని తెర మీద చూపిస్తాడట, నేను వేదిక మీద ఉండాలట. ఆ తరవాత తను ఎక్కడ మాట్లాడితే అక్కడ చూపిస్తాడట.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. లెక్చరర్ని పట్టుకుని, "భయ్యా, ఆయన్ని ఒకటి అడుగు. ఈ థర్మామీటరు ఎవరు సరిచూసేరు, రెండింటికి ఎవరు చూసేరు అని నన్ను అడగడా?" అన్నాను. అతను చెప్పేడు. ఆ పెద్దమనిషి నవ్వి నా భుజం తట్టి, "మీలాంటి చేతుల్ని నేను నమ్ముతాను" అన్నాడు.

మండిందండీ నాకు. నిన్న అంతమంది ముందు ప్రపంచంలో థర్మామీటర్లన్నిటినీ అడగమన్నవాడు, ఇవాళ తనకి నచ్చిన అంకె కనపడగానే అడగడం మానేసేడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు. ఈయన అనుమానం ఒక్క వేపే వెళ్తుంది. మన మనిషి కాదు అనుకున్నాను. అయినా నోరు విప్పి నిజం మాత్రం చెప్పలేదు. తిట్టుకుంటూనే టీ తాగి, సమోసా కూడా తిని వచ్చేను.

సాయంత్రం ఇంట్లో మా అమ్మాయి భోజనాల బల్ల మీద కాయితాలు పరుచుకుని కూచుంది. మా ఆవిడ వంటింట్లోంచి ఫోన్లో వాళ్ళ అక్కకి చెప్తోంది, "రేపు మా ఆయన్ని స్టేజీ ఎక్కిత్తన్నారొలే! ఆకాశంలోకి ఎల్లొచ్చినాయన పక్కన!" అని. నేను మెల్లిగా అమ్మాయి పక్కన చేరేను.

"ఏటి రాస్తున్నావు తల్లీ?"

"ముగింపు మారుస్తున్నా నాన్నా. ఎండ పెరిగిందని ముందు రాసేను కదా. అది తీసేస్తున్నా."

"ఎందుకు? నీ మీటర్లు ఎక్కువ చూపించేయి అన్నావు?"

"చూపించేయి. కానీ నీ బుక్కుతో మ్యాచ్ అవ్వట్లేదు. మరోదాలో అదే గల్లీ, అదే నెల, నాదే బాగా ఎక్కువొస్తోంది. రిటైరయ్యేక ఈ నాలుగేళ్ళలో అంత పెరగదు కదా. అంటే నా ఇన్‌స్ట్రుమెంట్లో గడ్‌బడ్ ఉన్నట్టే. మూడుసార్లు మార్చేను, అయినా అంతే. అందుకే నా రీడింగుల్లో రెండు డిగ్రీలు కట్ చేసీసేను, కరెక్షన్ అని రాసి. ఇప్పుడు సరిపోయింది." కాయితం నా వేపు తిప్పింది. "చూడు, ఎంత నీట్‌గా వచ్చిందో."

నిజంగా మండుతున్న ఎండని నా కూతురు రెండు డిగ్రీలు కోసి నా అబద్ధానికి అతికించింది. నాకు తెలుసు, చెప్పాలి, ఆ క్షణమే చెప్పాలి. వంటింట్లో మా ఆవిడ, "తెల్ల చొక్కా ఇస్త్రీ సెయ్యాల" అంటోంది. "బాగుంది తల్లీ" అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఇప్పటికీ క్షమించలేదు నేను.

ఆదివారం పొద్దున్న తెల్ల చొక్కా వేసుకుని వేదికెక్కేను. మా ఆవిడ, అమ్మాయి మొదటి వరసలో. అమ్మాయి ఒళ్ళో థీసిస్ ఫైలు, మర్నాడు ఇచ్చీడానికి సిద్ధంగా. తెర మీద నా రాత నా అంత ఎత్తున కనపడింది. నీలం సిరా, వరస తప్పని అంకెలు. పెద్దమనిషి నా గురించి చెప్తున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. నేను ఆ పేజీ తారీకు చూసేను. ఆయన మంచి మే నెల అని ఏరుకున్న పేజీ, మా నాన్న పోయిన నెలది.

మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. హిందీలో చెప్పేను, తెలుగువాళ్ళ కోసం మధ్యలో తెలుగులోనూ చెప్పేను. "ఈ పేజీలో పదో తారీకు నుంచి ఇరవయ్యో తారీకు దాకా నేను ఈ ఊళ్ళో లేను. మా నాన్న పోతే శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో కర్మ చేస్తున్నాను. అందరం వెళ్ళేం. ఇంటికి తాళం. మరి ఈ పదకొండు రోజుల రెండింటి ఎండ ఎవరు చూసేరు? ఎవరూ చూళ్ళేదు. వచ్చేక నిరుటి బుక్కు చూసి రాసేను. ఈ ఒక్క నెలే కాదు. షిఫ్టులో ఉన్న రోజులన్నీ అంతే. ఈ బుక్కులో ఎండ పెరగలేదు, ఎందుకంటే అది ఒకటే ఎండ, ఇరవై ఆరేళ్ళు కాపీ కొట్టింది. దీన్ని ఎవరూ నమ్మకండి."

హాల్లో వెనక వరసల్లో నవ్వు. ఫౌండ్రీలవాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళకి లాగ్‌షీట్లు తెలుసు కదా. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్చరరు ఇంగ్లీషులో చెప్పగానే ఆ పెద్దమనిషి చేతులు రెండూ పైకెత్తి, "నేను శుక్రవారం చెప్పింది ఇదే కదా! రికార్డులన్నీ ఇలాగే రాస్తారు. ఒక నిజాయితీపరుడు దొరికేడు" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. తెర మీద నా పేజీ పోయి ఇంకెవరిదో గ్రాఫు గీతల కాయితం వచ్చింది. అది ఎవరు రాసేరో, ఎవరు సరిచూసేరో ఆయన చెప్పలేదు. అక్కణ్ణించి అంగారక గ్రహం మీదకి వెళ్ళిపోయేడు.

నా బుక్కు నిజమైతే ఆయన గెలిచేడు, అబద్ధమైతేనూ ఆయనే గెలిచేడు. వేడి పెట్టినా చల్లబెట్టినా ఒకటే అంకె చూపించే మీటరు వస్తే మా ఫౌండ్రీలో ముల్లు అతుక్కుపోయిందిరా అని పక్కన పడేసేవాళ్ళం. ఆయన ఆకాశంలో చూసిన లోహపు గుండు నిజమే అయ్యుంటాది, అందులో నాకు అనుమానం లేదు. కింద చూసిందే నాకు నమ్మకం కుదరలేదు. అయినా ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడుంది?

సభ అవ్వకముందే దిగి వరండాలోకి వచ్చేను. అమ్మాయి వెనకే వచ్చింది. తిడతాదనుకున్నాను. తిడితే బాగుణ్ణనుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడి ముందు గైడుకి ఫోన్ చేసి, రేపు ఇవ్వలేనండీ, మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి అంది. ఎన్నాళ్ళని ఆయన అడిగినట్టున్నాడు. తెలీదు అంది. ఫోన్ పెట్టీసింది.

"తప్పైపోయింది తల్లీ" అన్నాను. "నువ్వయినా అనుమానించాల్సింది. ఆ పదకొండు రోజులూ నువ్వూ మాతోనే ఉన్నావు కదా అక్కడ. ఆ తారీకులు టైపు చేసినప్పుడు నీకు తెలీలేదా?"

"తెలిసింది" అంది. "తాతయ్య పోయిన రోజులని తెలిసింది. టైపు చేస్తూ ఏడ్చేను కూడా నాన్నా. అంత దుఃఖంలోనూ నువ్వు ఎవరికో తాళం ఇచ్చి, రెండింటికి ఎండ చూడమని చెప్పి వచ్చుంటావు అనుకున్నాను."